తిన్నింటి వాసాలు లెక్కపెట్టే కొలువు

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం మన భాషలో తిట్టు. అన్నం పెట్టిన ఇంట్లో వెల్లకిలా పడుకుని, పైకప్పులో ఏది ఎంతకు పోతుందో లెక్కవేసే కృతఘ్నుడికి ఆ మాట తగిలిస్తాం. కానీ వాసాలు లెక్కపెట్టడానికే మనిషిని కూర్చోబెట్టి, నెలనెలా జీతమిచ్చి, దేనికి చెద పట్టిందో మాకు చెప్పు, ఊళ్లో మాత్రం చెప్పకు అనే ఇళ్లు కూడా ఉన్నాయి. పలుదేశాల్లో వ్యాపారం చేసే పెద్ద కంపెనీలన్నీ అలాంటి ఇళ్లే. ఆ కొలువు చేసేవారిని ఇవాళ ఇన్‌హౌస్ కౌన్సెల్ అంటున్నారు. ప్రభుత్వరంగ సంస్థల్లో లా ఆఫీసర్ అంటారు. చేసే పని లాయరుదే: కాంట్రాక్టు రాయడం, ఎదుటివాడు రాసింది గీత గీతా చదవడం, నోటీసుకు జవాబివ్వడం, చేయబోయే పని చట్టానికి లోబడి ఉందో లేదో ముందే చెప్పడం. అయినా మన దేశంలో ప్రాక్టీసు చేసే లాయరు ఈ ఉద్యోగంలో చేరితే ఆ సంగతి బార్ కౌన్సిల్‌కు తెలిపి ప్రాక్టీసు ఆపేయాలి. ఒక్క యజమాని జీతం మీద బతికేవాడు నిష్పక్షంగా సలహా ఇవ్వలేడన్నది దీని వెనకున్న నమ్మకం. చూడ్డానికి అది సహజంగానే ఉంటుంది గానీ చరిత్ర ముందు పెడితే నిలబడదు. రెండున్నర శతాబ్దాల అనుభవాన్ని బట్టి చూస్తే లాయరు స్వాతంత్ర్యాన్ని తేల్చే ప్రశ్నలు రెండు: అతని మాట ఎంత పైదాకా వెళ్తుంది? ఆ మాట అన్నందుకు అతన్ని ఎవరు తీసేయగలరు? జీతం సంగతి వీటి తర్వాతే.

ముందు వకీలు అన్న మాట సంగతి చూద్దాం. అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాటకు మూలార్థం ప్రతినిధి. మొగలాయిల కాలంలో వకీలంటే రాజు తరఫునో నవాబు తరఫునో వర్తకుడి తరఫునో దర్బారులో మకాం వేసి, అర్జీలు పెట్టి, కబుర్లు చేరవేసి, పనులు చక్కబెట్టే మనిషి. 1611లో మచిలీపట్నంలో కొఠీ పెట్టుకున్న ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి గోల్కొండ సుల్తానుల నుంచి కౌళ్లు, ఫర్మానాలు సంపాదించుకోవడం సరుకు కొనడమంత ముఖ్యం. బెంగాల్లో ముర్షిదాబాదు దర్బారులో కంపెనీకి సొంత వకీలు ఉండేవాడు. కోర్టు సన్నదు చేతపట్టుకుని, ఫీజిచ్చిన ఎవరి కేసైనా వాదించే వకీలు మన గడ్డ మీద ఆ తర్వాత పుట్టినవాడు. బెంగాల్లో కారన్‌వాలిస్ 1793లో చేసిన రెగ్యులేషన్లతోనే వకీళ్లకు సన్నదులు, ఫీజుల పట్టీలు, తప్పు చేస్తే తొలగింపు అనే పద్ధతి కుదిరింది. మద్రాసు రాజధానిలో 1802 నుంచి జిల్లా కోర్టులు పెట్టడంతో అదే పద్ధతి సర్కారు జిల్లాలకూ వచ్చింది. ఇప్పటికీ కక్షిదారు సంతకం చేసేది వకాల్తా మీదే. అడగకుండా ఒకరి తరఫున మాట్లాడేవాణ్ని ‘వాడి వకాల్తా పుచ్చుకున్నావా’ అని నిలదీస్తాం. ఒకే యజమాని మనిషిగా ఉండే వకీలే పెద్దవాడు, పదిమందికి పనిచేసే వకీలు అతని తమ్ముడు. కంపెనీ లాయరును ఈ మధ్య పుట్టిన వింతగా, అసలు వృత్తి నుంచి జారిపోయినవాడిగా చూసే అలవాటును ముందు ఇక్కడే సరిచూసుకోవాలి.

ఈ కొలువులోని ఇరకాటం మొదటిసారి నగ్నంగా బయటపడింది కలకత్తాలో. 1779లో కాశీనాథ్ బాబు అనే వడ్డీవ్యాపారి, కాశీజోడా రాజు తనకు బాకీపడ్డాడని అక్కడి సుప్రీంకోర్టులో దావా వేశాడు. రాజు జమీందారు కాబట్టి ఆ కోర్టు అధికారం కిందికి రాడని కంపెనీ అడ్వొకేట్ జనరల్ సలహా ఇచ్చాడు. ఆ సలహా పట్టుకుని గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్, అతని కౌన్సిలు, కోర్టుకు తలవంచనక్కర్లేదని రాజుకు కబురు చేశారు. షరీఫు సాయుధులను పంపితే, కంపెనీ సిపాయిలను పంపి వాళ్లనే పట్టించింది. కోర్టు ధిక్కారం విచారణ మొదలయ్యేసరికి గవర్నర్ జనరల్ మీద చెయ్యివేయడం కష్టం, సైన్యం అధికారులు అందుబాటులో లేరు. దొరికినవాడు కంపెనీ అటార్నీ నార్త్ నేలర్. కోర్టు లిఖితపూర్వకంగా ప్రశ్నలు పెట్టింది. అతను జవాబివ్వలేదు. 1780 మొదట్లో చీఫ్ జస్టిస్ ఇంపీ కోర్టు అతన్ని జైలుకు పంపింది. ఆ మార్చిలో కాశీనాథ్ దావా ఉపసంహరించుకున్నాడు. మరుసటి ఏడాది పార్లమెంటు కొత్త చట్టం చేసి, గవర్నర్ జనరల్‌నూ కౌన్సిల్‌నూ కోర్టు పరిధి నుంచి తప్పించింది. పెద్దల తగువు పెద్దలకు తీరింది. మధ్యలో జైలు చూసింది మాత్రం జీతగాడు.

నేలర్ కథను జీతం తినేవాడి దాస్యానికి ఉదాహరణగా చెప్పడం తేలిక. కానీ అతను జైలుకు పోయింది ప్రశ్నలకు నోరు విప్పనందుకు. కక్షిదారు రహస్యం కాపాడే ఏ లాయరుకైనా ఆ రోజు అదే ఇరకాటం వచ్చి ఉండేది. లోపమల్లా అతని చుట్టూ ఉన్న ఏర్పాటులో ఉంది. అతనికి కోర్టుతో ఉన్న బాధ్యత ఎక్కడ మొదలవుతుందో, కంపెనీతో ఉన్న బాధ్యత ఎక్కడ ఆగుతుందో ఎవరూ గీత గీయలేదు. ఆ గీత తర్వాత మెల్లగా పడింది. 1813 చార్టర్ చట్టం కంపెనీ అడ్వొకేట్ జనరల్‌కు, ఇంగ్లండులో అటార్నీ జనరల్‌లాగా, రాజు తరఫున కోర్టుకెక్కే అధికారం ఇచ్చింది. కంపెనీ జీతం తీసుకునే లాయరుకు కంపెనీకి అతీతమైన ఇంకో బాధ్యత చేరిందన్నమాట. 1794లో చనిపోయిన మద్రాసు దుబాసీ పచ్చయప్ప మొదలియార్ ధర్మానికి రాసిపోయిన సొమ్మును కోర్టు ద్వారా దారిలో పెట్టించడంలో ఆ ఊరి అడ్వొకేట్ జనరల్ కార్యాలయం చెయ్యి ఉంది. పచ్చయప్ప కళాశాల నిలిచింది ఆ నిధి మీదే. ఆ పదవే తర్వాత మద్రాసు ప్రభుత్వానిదైంది. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ 1929 నుంచి 1944 దాకా అందులో కూర్చున్నారు. రాజ్యాంగం 165వ అధికరణ దాన్ని ప్రతి రాష్ట్రానికీ ఇచ్చింది. ఇవాళ అమరావతిలో, హైదరాబాదులో ఉన్న అడ్వొకేట్ జనరల్ పదవి వంశవృక్షాన్ని పైకి ఎక్కితే, వేరు దగ్గర కనిపించేది ఒక వ్యాపార కంపెనీ పెట్టుకున్న లాయరే.

1813 నాటికి ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వమైపోయింది కదా, దాన్ని వ్యాపార సంస్థ అనడం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. కానీ భారత వ్యాపారంలో కంపెనీ గుత్తాధిపత్యం పోయింది 1813లో. వ్యాపారం పూర్తిగా మూసేసింది 1833 చట్టంతో. లండన్లో వాటాదారులు డివిడెండు లెక్కలు చూసుకుంటున్న రోజుల్లోనే దాని లాయరు మీద ప్రజాబాధ్యత పడింది. ఈ మార్పులో జీతం ఎక్కడిదక్కడే ఉంది, జీతమిచ్చేవాడూ మారలేదు. చట్టం ఒక బాధ్యతను పైన పెట్టింది, ఆ బాధ్యతకు ఆసరాగా కోర్టు నిలబడింది. మనిషి అదే, ఖజానా అదే, స్వాతంత్ర్యం మాత్రం పెరిగింది.

పందొమ్మిదో శతాబ్దం చివర ఇదే నాటకం అమెరికాలో ఇంకో వేషంలో నడిచింది. పెన్సిల్వేనియా చమురు ఊళ్లలో ప్లీడరు శామ్యూల్ డాడ్, రైలు కంపెనీలు స్టాండర్డ్ ఆయిల్ వంటి పెద్ద వర్తకులకు చాటుగా ఇచ్చే రాయితీల మీద ఆ రాష్ట్ర రాజ్యాంగ సభలో విరుచుకుపడ్డవాడు. అదే డాడ్ 1881లో స్టాండర్డ్ ఆయిల్ అధిపతి రాక్‌ఫెల్లర్ కొలువులో చేరాడు. 1882 జనవరి 2 నాటి ట్రస్టు ఒప్పందం అతని చేతిరాతే. వేర్వేరు రాష్ట్రాల కంపెనీల వాటాలన్నీ తొమ్మిదిమంది ట్రస్టీల చేతికి వచ్చేలా అల్లిన ఆ కాగితం వల్లనే ట్రస్టు అన్న మాట అమెరికాలో గుత్తాధిపత్యానికి పర్యాయపదమై, 1890లో షెర్మన్ చట్టాన్ని తెచ్చింది. 1911లో ఆ సామ్రాజ్యాన్ని సుప్రీంకోర్టు ముక్కలు చేసింది. ఆ తరంలో రైల్వే, చమురు కంపెనీల జనరల్ కౌన్సెల్ అంటే యజమాని కుడిభుజం. ఇరవయ్యో శతాబ్దంలో న్యూయార్కు లా సంస్థలు పెరిగి పెద్దవయ్యాక ఈ కొలువు చిన్నబోయింది. పెద్ద కేసులు, పెద్ద సలహాలు బయటికి వెళ్లాయి, లోపల మిగిలింది కాగితాల పని. 1987లో జనరల్ ఎలక్ట్రిక్‌లో జనరల్ కౌన్సెల్‌గా చేరిన బెన్ హైన్‌మన్ పేరున్న లా సంస్థల నుంచి సీనియర్లను లోపలికి తెచ్చుకుని గాలి మళ్లించాడు. మిగతా బహుళజాతి సంస్థలు ఆ దారి పట్టాయి. డాడ్ నుంచి హైన్‌మన్ దాకా అందరూ జీతగాళ్లే. హోదా మాత్రం పడింది, మళ్లీ లేచింది. హోదాను నిర్ణయించింది వాళ్లు ఎవరితో నేరుగా మాట్లాడగలిగారన్నదే.

ఈ చరిత్రను న్యాయస్థానాలు రెండు రకాలుగా చదివాయి. ఇంగ్లండులో 1972లో వినోదయంత్రాల కంపెనీ ఒకటి కస్టమ్స్ శాఖతో పన్ను తగాదా పడినప్పుడు, శాఖలోని జీతపు లాయర్లు రాసుకున్న కాగితాలకు రహస్య రక్షణ ఉందా అన్న ప్రశ్న వచ్చింది. ఉందన్నాడు లార్డ్ డెనింగ్: వాళ్లకూ బయటి లాయర్లకూ తేడా ఒక్కటే, వాళ్ల కక్షిదారు ఒక్కడే. 1981లో అమెరికా సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. అప్‌జాన్ అనే మందుల కంపెనీ విదేశాల్లో తమవాళ్లు ఇచ్చిన అనుమానాస్పద చెల్లింపుల గుట్టు తెలుసుకోవడానికి సొంత జనరల్ కౌన్సెల్ చేత మేనేజర్లకు ప్రశ్నపత్రాలు పంపించింది. పన్నుల శాఖ వాటిని అడిగితే కోర్టు ఇవ్వనక్కర్లేదంది. లాయరుకు కింది ఉద్యోగి నిజం చెప్పకపోతే కంపెనీ చట్టాన్ని ఎలా పాటిస్తుందన్నది దాని తర్కం. యూరపు దీనికి ఎదురుదారి పట్టింది. 2003 ఫిబ్రవరిలో మాంచెస్టర్ దగ్గర ఎకిల్స్‌లో అక్జో నోబెల్ వారి కంపెనీ ఆఫీసు మీద పోటీ చట్టం కింద సోదా జరిగింది. కొన్ని వివాదాస్పద కాగితాలను కవరులో పెట్టి సీలు వేశారు. అక్కడి అధిపతికీ కంపెనీ లాయరుకూ మధ్య నడిచిన రెండు ఈమెయిళ్లు మాత్రం సీలూ గీలూ లేకుండానే ఫైల్లో చేరాయి. ఆ లాయరు నెదర్లాండ్స్ బార్‌లో సభ్యుడు. లాయరు స్వాతంత్ర్యాన్ని గౌరవించాలన్న అక్కడి నియమాలు యజమానికీ వర్తిస్తాయి. అయినా 2010 సెప్టెంబరు 14న యూరపు న్యాయస్థానం రక్షణ లేదని తేల్చింది. జీతం మీద ఆధారపడి, యజమానితో కలిసిపోయినవాడికి బయటి లాయరుకున్నంత స్వాతంత్ర్యం ఉండదన్నది దాని మాట.

మన దేశం యూరపు కన్నా ఒక అడుగు ముందుంది. 1961 అడ్వొకేట్స్ చట్టం కింద బార్ కౌన్సిల్ చేసుకున్న 49వ నిబంధన, పూర్తికాలపు జీతగాడు లాయరుగా ప్రాక్టీసు చేయరాదంటుంది. హిమాచల్ ప్రదేశ్ విద్యుత్ బోర్డు న్యాయాధికారి ఒకరి సన్నదు రద్దును 2001లో సుప్రీంకోర్టు సమర్థించింది. కానీ 2013లో అదే సుప్రీంకోర్టు, జీతం తీసుకునే పబ్లిక్ ప్రాసిక్యూటర్ లాయరు కాకుండా పోడంది. అతని ఉద్యోగమే కోర్టులో వాదించడం కదా అన్నది కారణం. అంటే మన చట్టం లోపల కూడా జీతం అంతిమ కొలత కాదు. ఇక 2025 అక్టోబరు 31న దర్యాప్తు సంస్థలు లాయర్లకు సమన్లు పంపడం మీద ఇచ్చిన తీర్పులో, కొత్త సాక్ష్య చట్టం 132వ సెక్షన్ ఇచ్చే రక్షణ కంపెనీ లాయర్లకు వర్తించదని, వాళ్లు కోర్టుల్లో ప్రాక్టీసు చేసే అడ్వొకేట్లు కారని తేల్చింది. యజమాని పెట్టుకున్న బయటి న్యాయ సలహాదారుకు వాళ్లు పంపే సమాచారానికి 134వ సెక్షన్ కింద కాపుదల ఉంది. యజమానికీ వాళ్లకూ మధ్య నడిచే మాటలకు లేదు.

దీని ఫలితం హైదరాబాదు హైటెక్ సిటీ వైపు ఏ బహుళజాతి కంపెనీ ఆఫీసులోనైనా ఊహించుకోవచ్చు. ఒక ఒప్పందంలో తప్పు దొర్లిందన్న అనుమానంతో ఇక్కడి మేనేజరు కంపెనీ లాయరుకు ఒక ఈమెయిలు రాశాడనుకుందాం. అమెరికా కోర్టులో అది రహస్యం. బ్రసెల్స్ అధికారుల పోటీ చట్టం సోదాలో కాదు. మన దర్యాప్తు అధికారి ముందు కూడా కాదు. ఉత్తరం ఒకటే, విషయం ఒకటే, దాని బతుకు మాత్రం ఏ గడప దాటితే ఆ గడపదే. అందుకని జాగ్రత్తపరులు బయటి లాయరును మధ్యలో నిలబెట్టి, అడగాల్సిన ప్రశ్నను అతని ద్వారా అడిగిస్తారు. లేదా అసలు రాయడం మానేసి ఫోనులో మాట్లాడుకుంటారు. రాతలో లేని హెచ్చరికను ఆర్నెల్ల తర్వాత ఎవరూ గుర్తుచేసుకోరు. ఇందులో ఇంకో సంగతి ఉంది. సన్నదు పక్కన పెట్టించడం వల్ల రక్షణతో పాటు బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కూడా ఆ మనిషికి ఆచరణలో దూరమవుతుంది. అసలు నమోదే చేసుకోకుండా లా డిగ్రీతో నేరుగా కంపెనీలో చేరినవారికి అది ఎప్పుడూ తగలదు. సింగరేణి ఆసుపత్రిలో డాక్టరు కంపెనీ జీతగాడే, అంత మాత్రాన అతని రిజిస్ట్రేషను పోదు, వైద్యంలో తప్పు చేస్తే మెడికల్ కౌన్సిల్ అడగడం మానదు. లాయరు దగ్గరికి వచ్చేసరికి మనం గౌనునూ తీసేశాం, గౌనుతో వచ్చే కళ్లేన్నీ వదిలేశాం.

ఎదుటి పక్షం దగ్గర ఉన్న గట్టి సాక్ష్యం జనరల్ మోటార్స్. ఆ కంపెనీ కార్లలో తాళంచెవి తిప్పే స్విచ్చు వదులుగా ఉండేది. చెవుల గుత్తి బరువుకో, మోకాలు తగిలో చెవి తిరిగిపోయేది. ఇంజను ఆగేది, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేది కాదు. 2014లో 26 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. 124 మరణాలకు పరిహార నిధి బాధ్యత ఒప్పుకుంది. అంతర్గత విచారణలో తేలిందేమిటంటే, లీగల్ డిపార్ట్‌మెంట్‌లోని కొందరు ఈ కేసులను ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా రాజీ చేస్తూ వచ్చారు. జనరల్ కౌన్సెల్‌కు తెలిసింది 2014 ఫిబ్రవరిలో. ఇదిగో జీతపు లాయర్ల నిర్వాకం, వీళ్లకు రహస్యం కూడా కావాలా అని అడిగితే వినసొంపుగానే ఉంటుంది. కానీ అదే విచారణ నివేదిక ఇంకో సంగతి చెప్పింది. జ్యూరీ శిక్షగా అదనపు నష్టపరిహారం వేయవచ్చని హెచ్చరించిన బయటి లాయర్లూ ఆ కేసుల్లో ఉన్నారు. వాళ్ల హెచ్చరిక కూడా కింది అంతస్తులోనే ఆగింది. కారణం సొమ్ము గడప: 50 లక్షల డాలర్ల లోపు రాజీలు జనరల్ కౌన్సెల్ దాకా వెళ్లనక్కర్లేదు. చావును సొమ్ముతో కొలిచే ఏర్పాటులో మాట పైకి ఎక్కే మెట్లు లేవు. తర్వాత చేసిన దిద్దుబాటు కూడా అక్కడే: మరణం, తీవ్రగాయం ఉన్న ప్రతి కేసూ జనరల్ కౌన్సెల్ ముందుకు రావాలన్నారు. జీతం ఎవరిస్తారన్నది ఎవరూ మార్చలేదు.

రహస్య రక్షణ ఇస్తే ప్రతి ఈమెయిలుకూ లాయరు పేరు తగిలించి అన్నీ దాచేస్తారన్న భయం కూడా ఉంది. అది నిజమైన భయమే. అందుకే అప్‌జాన్ తీర్పు కాపాడింది మాటలనే, వాస్తవాలను కాదు. ఉద్యోగిని నేరుగా పిలిచి జరిగిందేమిటని అడిగే దారి ప్రభుత్వానికి తెరిచే ఉంది. వ్యాపార సలహాకూ న్యాయ సలహాకూ తేడా చూడటం కోర్టులకు కొత్త కాదు. మధ్యేమార్గాలూ ఉన్నాయి. ఎన్రాన్ కంపెనీ కూలిన తర్వాత 2002లో అమెరికా చేసిన సర్బేన్స్–ఆక్స్‌లీ చట్టం 307వ సెక్షన్, కంపెనీలో చట్టవిరుద్ధం కనిపిస్తే లాయరు జనరల్ కౌన్సెల్‌కో అధిపతికో చెప్పాలని, అక్కడ పట్టించుకోకపోతే డైరెక్టర్ల బోర్డు కమిటీ దాకా వెళ్లాలని నియమం పెట్టించింది. లోపలి లాయరుకూ బయటి లాయరుకూ నియమం ఒకటే. జర్మనీ 2016 జనవరి 1 నుంచి కంపెనీ లాయరును బార్‌లోకి తీసుకుంది, ఉద్యోగ ఒప్పందంలోనూ ఆచరణలోనూ వృత్తిస్వాతంత్ర్యానికి హామీ ఉండాలన్న షరతుతో. క్రిమినల్ వ్యవహారాల్లో మాత్రం రహస్య రక్షణ ఇవ్వలేదు. ఈ రెండు చట్టాలూ జీతాన్ని వదిలేసి మెట్లను, హామీని పట్టుకున్నాయి.

డబ్బు ప్రభావం లేదని ఇందులో ఏదీ రుజువు చేయదు. ఏటేటా బోనసు, పైన కంపెనీ వాటాలు అందుకునే లాయరు ముందు, ధర పడిపోయే నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు గొంతు కాస్త తగ్గడం మానవ సహజం. కానీ ఒకే పెద్ద కంపెనీ ఫైళ్ల మీద సగం ఆఫీసును నడిపే బయటి లాయరు గొంతుకూ అదే జబ్బు. పూర్వం జమీందారు పెట్టిన నెలసరి మీద సంస్థానం కేసులు చూసిన ప్లీడరుకు నల్లగౌను ఉంది, సన్నదు ఉంది, జమీందారును కాదనే ధైర్యం ఉన్నదీ లేనిదీ మనిషిని బట్టి. అందుకే గౌను తీయించడం మందు కాదు. కంపెనీ లాయర్లను బార్‌లో ఒక వేరు పట్టీలో ఉంచి, క్రమశిక్షణ కింద పెట్టి, న్యాయ సలహా మేరకు రహస్యానికి కాపుదల ఇచ్చి, బోర్డు దాకా మాట చేరవేసే బాధ్యతను చట్టంలో రాసి, బోర్డు సమ్మతి లేకుండా పెద్ద లాయరును తీసేయకుండా చూస్తే, 1813లో కంపెనీ లాయరుకు పార్లమెంటు చేసినలాంటి పనే మనం చేసినట్టవుతుంది. ఉద్యోగం అదే ఉంటుంది, ఇంకో బాధ్యత పైన చేరుతుంది. వాసాలు లెక్కపెట్టేవాణ్ని ఇంట్లో పెట్టుకున్నాక, చెద సంగతి వాకిట్లో కాపలావాడికి చెప్పి వెళ్లిపొమ్మనడం కన్నా, ఇంటి పెద్ద గదిదాకా నడిచి వెళ్లే హక్కు ఇవ్వడమే ఆ ఇంటికీ, పక్కింటికీ మేలు.